వినపడని సెట్లు: డిజిటల్ వాకీటాకీల ప్రోగ్రామింగ్ చిక్కుల మీద సమీక్ష

అనలాగ్ సెట్టు తన బాధ తానే చెప్పేది. సిగ్నల్ పలచబడితే బుస్సుమనే శబ్దం పెరిగేది. టోన్ కలవకపోతే మానిటర్ బటన్ నొక్కగానే అవతలి గొంతు వినపడేది. డిజిటల్ సెట్టు ఇవేవీ చెప్పదు. అవతలి మనిషి రేంజిలో లేకపోయినా నిశ్శబ్దమే, ఫ్రీక్వెన్సీ తప్పినా నిశ్శబ్దమే, అన్నీ కుదిరి ఒక్క అంకె తేడా వచ్చినా అదే నిశ్శబ్దం. పది రోగాలకూ లక్షణం ఒకటే కావడంతో షిఫ్టు మధ్యలో సెట్టు పట్టుకున్న మనిషి బ్యాటరీ మారుస్తాడు, యాంటెన్నా బిగిస్తాడు, చివరికి సెట్టు చెడిపోయిందని పక్కన పెట్టేస్తాడు. చాలాసార్లు ఆ సెట్టుకు ఏమీ కాలేదు. దానిలోకి ఎక్కించిన ఫైలు, పక్కవాడి సెట్టులోని ఫైలు ఒకదానితో ఒకటి కలవలేదు, అంతే.

బెల్లంపల్లి లాంటి చోట ఇది చిన్న విషయం కాదు. కాజీపేట–బల్లార్షా లైను 1929లో పూర్తయి, ఢిల్లీ–మద్రాసు రైళ్లు ఇటుగా నడవడం మొదలైనప్పటి నుంచి ఊరికి రైలు, బొగ్గు రెండూ ఊపిరే. ఇవాళ స్టేషన్ మాస్టర్, లోకో పైలట్, ట్రెయిన్ మేనేజర్ (పాత పేరు గార్డు) మధ్య మాట వాకీటాకీ మీద నడుస్తుంది. గోలేటి, ఖైరిగూడ వైపు సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో షావెల్‌కూ డంపర్‌కూ, బ్లాస్టింగ్ ముందు దారి కాపు కాసే మనిషికీ మధ్య నడిచేది ఈ సెట్టు మాటే. ఊరున్న మంచిర్యాల జిల్లా రామగుండం పోలీసు కమిషనరేట్ కిందికి వస్తుంది. పోలీసు భాషలో ‘సెట్ కాన్ఫరెన్స్’ (సెట్టు మీదే పై అధికారి అందరితో జరిపే సమావేశం) అంటే ఏమిటో ఇక్కడి పేపరు చదివేవాళ్లందరికీ తెలుసు. కవ్వాల్ అడవిలో సెల్ టవర్ అందని చోట అటవీ సిబ్బందికి వేరే దిక్కు లేదు. వీటిలో ఎక్కడైనా కంపెనీ సెట్లు, ఓబీ (బొగ్గు మీది మట్టి) తీసే కాంట్రాక్టరు సెట్లు, పాత సెట్లు, కొత్త సెట్లు ఒకే ఛానెల్ మీదికి రావాల్సిన రోజు వస్తుంది. ఆ రోజు ఏం జరుగుతుంది, ఎందుకు జరుగుతుంది, ప్రపంచంలో మిగతావాళ్లు దీన్ని ఎలా ఎదుర్కొన్నారు అన్నది ఒకచోట చేర్చి చూడాల్సిన అవసరం ఉంది.

ముందుగా ఈ సెట్ల కులగోత్రాలు. మన దగ్గర వ్యాపార, పారిశ్రామిక వాడకంలో ఎక్కువగా కనపడేది డీఎంఆర్. ఐరోపా ప్రమాణాల సంస్థ ఎట్సీ 2005లో దీని ప్రమాణాన్ని మొదటిసారి ప్రచురించింది. 12.5 కిలోహెర్ట్జ్ ఛానెల్‌ను కాలంలో రెండు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు 30 మిల్లీసెకన్లు ఇస్తుంది. అంటే ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు సంభాషణలు. అమెరికా పోలీసు, ఫైర్ విభాగాలు పీ25 వాడతాయి. టెట్రా 25 కిలోహెర్ట్జ్ ఛానెల్‌ను నాలుగు ముక్కలు చేస్తుంది. కెన్‌వుడ్, ఐకామ్ కలిసి తెచ్చిన ఎన్‌ఎక్స్‌డీఎన్ అసలు కాలాన్ని కోయదు, సన్నటి ఛానెళ్లను వాడుతుంది. ఒక కుటుంబం సెట్టు ఇంకో కుటుంబం సెట్టుతో డిజిటల్‌లో మాట్లాడలేదు. ఏ ప్రోగ్రామింగూ దీన్ని మార్చలేదు. టెండరు కాగితంలో ‘డిజిటల్ వాకీటాకీలు’ అని మాత్రమే రాసి, ఏ కుటుంబమో రాయకపోతే చిక్కు అక్కడే పుట్టింది. కాబట్టి ఇకమీద చెప్పేదంతా రెండు వైపులా డీఎంఆరే ఉందనుకుని.

లోపం వెతకడానికి ఈ రంగంలో పనిచేసేవాళ్లందరూ ఏదో ఒక క్రమం పాటిస్తారు. తయారీదారుల మాన్యువళ్లు పొడవాటి పట్టికలిస్తాయి. అవి తప్పు కావు కానీ, దుమ్ములో నిలబడ్డ మనిషికి పనికిరావు. నా దృష్టిలో మొదట అడగాల్సింది ఒక్కటే: అవతలివాడు బటన్ నొక్కినప్పుడు ఇవతలి సెట్టు దీపం వెలిగిందా? దాదాపు అన్ని సెట్లలోనూ ఛానెల్ మీద సిగ్నల్ పడితే ఏదో ఒక రంగులో దీపం వెలుగుతుంది లేదా తెర మీద గుర్తు కదులుతుంది. దీపం వెలిగి మాట రాకపోతే ఫ్రీక్వెన్సీ, యాంటెన్నా, దూరం అన్నీ సరే, చిరునామా తప్పింది. దీపమే వెలగకపోతే చిరునామా జోలికి పోవద్దు, ఫ్రీక్వెన్సీ, పవర్, దూరం చూడాలి. వెతకాల్సిన చోటును ఈ ఒక్క ప్రశ్న సగానికి తగ్గిస్తుంది. పట్టికల్లో ఇది ఎక్కడో నడుమ ఉంటుంది, మొదటి పేజీలో ఉండాల్సింది.

చిరునామా అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువ పాళ్లు గొడవ ఇక్కడే. మొదటిది కలర్ కోడ్. పేరులో రంగు ఉంది గాని అది 0 నుంచి 15 వరకు ఒక అంకె. ఒకే ఫ్రీక్వెన్సీ మీద దూరాన ఉన్న ఇంకొకరి మాట మనకు రాకుండా అడ్డుపడటానికి పెట్టింది. రెండు సెట్లలో అది ఒకటే కాకపోతే మాట తలుపు దాటదు. రెండోది స్లాట్: రిపీటర్ (ఒక సెట్టు మాట అందుకుని మళ్లీ దూరానికి పంపే పరికరం) మీద మాట్లాడేటప్పుడు ఇద్దరూ ఒకే కాలపు ముక్కలో ఉండాలి. మూడోది టాక్‌గ్రూప్ నంబరు, అంటే ఎవరితో మాట్లాడుతున్నామో చెప్పే సంఖ్య. ఈ మూడింటినీ అందరూ చూస్తారు. నాలుగోదాన్ని మరచిపోతారు: రిసీవ్ గ్రూప్ లిస్టు. నేను ఏ టాక్‌గ్రూప్‌కు మాట్లాడతానన్నది కాంటాక్టులో ఉంటుంది. ఏ టాక్‌గ్రూప్‌లను వింటానన్నది ఈ లిస్టులో ఉంటుంది. రెండూ వేర్వేరు చోట్ల ఉంటాయి. ‘వాడికి నా మాట పోతోంది, వాడి మాట నాకు రావట్లేదు’ అనే ఫిర్యాదు వింటే సగం సందర్భాల్లో ఈ లిస్టు ఖాళీగా ఉంటుంది, లేకపోతే కొత్తగా చేర్చిన గ్రూపు అందులో ఉండదు.

హామ్ రేడియోవాళ్లు దీనికి మంచి ఉపాయం వాడతారు. వాళ్ల సెట్లలో చాలావాటికి డిజిటల్ మానిటర్ అనే సదుపాయం ఉంటుంది. అది ఆన్ చేస్తే కలర్ కోడ్, స్లాట్, టాక్‌గ్రూప్ ఏవైనా సరే మాట వినిపిస్తుంది, పంపినవాడి ఐడీ, గ్రూప్ నంబరు తెర మీద చూపిస్తుంది. లోపం ఏ అంకెలో ఉందో అర నిమిషంలో తేలిపోతుంది. పారిశ్రామిక సెట్లలోనూ మానిటర్ బటన్ పెట్టుకోవచ్చు, కానీ ఆపరేటర్లు అనవసరంగా నొక్కుతారని ప్రోగ్రామింగ్‌లో దాన్ని తీసేస్తుంటారు. ప్రతి ఆపరేటర్‌కూ అక్కర్లేదు గాని, సూపర్‌వైజర్ చేతిలో ఉన్న ఒక్క సెట్టులోనైనా అది ఉండి తీరాలి.

రిపీటర్ నడుమ ఉంటే ఇంకో మెలిక వస్తుంది. సెట్టు పంపే ఫ్రీక్వెన్సీ, రిపీటర్ వినే ఫ్రీక్వెన్సీ ఒకటి కావాలి. సెట్టు వినేది, రిపీటర్ పంపేది ఒకటి కావాలి. ఈ రెండూ తారుమారైతే సెట్టు బటన్ నొక్కినప్పుడు తిరస్కరించినట్టు ఒక మోత వస్తుంది, ఎందుకంటే మాట మొదలు పెట్టేముందు సెట్టు రిపీటర్ నుంచి జవాబు కోసం చూస్తుంది. కలర్ కోడ్ కలవకపోయినా అదే మోత. అందుకే రిపీటర్ మీద లోపం వస్తే ముందు రిపీటర్‌ను పక్కన పెట్టి, రెండు సెట్లను డైరెక్ట్ ఛానెల్‌లో పెట్టి, ఇరవై ముప్పై అడుగుల దూరంలో మాట్లాడించి చూడాలి. మరీ పక్కపక్కన నిలబడితే ఒకదాని పవర్ ఇంకొకదాని రిసీవర్‌ను ముంచేస్తుంది, అదీ లోపంలాగే కనిపిస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. రిపీటర్ లేకుండానే ఒక ఫ్రీక్వెన్సీ మీద రెండు సంభాషణలు నడిపే డ్యూయల్ కెపాసిటీ డైరెక్ట్ మోడ్ కొన్ని సెట్లలో ఉంటుంది. ఒక సెట్టులో అది ఆన్, ఇంకొకదానిలో ఆఫ్ అయితే అన్ని అంకెలూ కలిసినా మాట కలవదు.

దీపం వెలగని వైపుకు వద్దాం. ఇక్కడ బెల్లంపల్లి నేల మాట్లాడుతుంది. ఓపెన్‌కాస్టు గొయ్యి అడుగున షావెల్, ఓబీ కుప్ప వెనకాల డంపర్ ఉంటే మధ్యలో మట్టి కొండ ఉన్నట్టే. క్వారీ నెలనెలకూ కదులుతుంది, కుప్పలు పెరుగుతాయి; నిరుడు బాగా అందిన చోట ఈ ఏడు అందదు. అనలాగ్‌లో ఇది మెల్లగా తెలిసేది. డిజిటల్‌లో గొంతు చివరి వరకు శుభ్రంగా ఉండి, హద్దు దాటగానే తెగిపోతుంది. నిన్నటిదాకా పనిచేసిన సెట్టు ఇవాళ మొద్దుబారితే ప్రోగ్రామింగ్ పోయిందని దాన్ని మళ్లీ కంప్యూటరుకు కలుపుతారు, బాగున్న ఫైలును చెడగొడతారు. ప్రోగ్రామింగ్ తనంతట తాను మారదు. నిన్న పనిచేసి, ఎవరూ ముట్టుకోకుండా ఇవాళ ఆగిపోయిందంటే అది నేల, బ్యాటరీ, యాంటెన్నా లేదా రిపీటర్ సంగతి.

దీపం వెలిగీ వెలగనట్టు ఉండి మాట ముక్కలు ముక్కలుగా వస్తే చౌక సెట్లలో వచ్చే ఇంకో జబ్బును అనుమానించాలి: ఫ్రీక్వెన్సీ జరగడం. డీఎంఆర్ సమాచారాన్ని నాలుగు స్థాయిల్లో పంపుతుంది. నడుమ నుంచి లోపలి రెండు స్థాయిల దూరం 648 హెర్ట్జ్, బయటి రెండింటి దూరం 1,944 హెర్ట్జ్. 450 మెగాహెర్ట్జ్ దగ్గర 2.5 పీపీఎం తేడా అంటే 1,125 హెర్ట్జ్. రిసీవర్ కొంత సరిదిద్దుకుంటుంది, కానీ రెండు సెట్లు రెండు వైపులకు జరిగితే సరిదిద్దుకునే హద్దు దాటిపోతుంది. దీన్ని ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ చూపించదు. సర్వీస్ మానిటర్ మీద పెట్టి కొలవాల్సిందే.

కేబుల్, డ్రైవర్ గొడవలు అందరికీ తెలిసినవే, ఎక్కువ చెప్పనక్కర్లేదు. నకిలీ ప్రోలిఫిక్ చిప్పు ఉన్న కేబుల్‌ను విండోస్ కొత్త డ్రైవర్ ఒప్పుకోదు, ‘కోడ్ 10’ అని చూపించి ఆగిపోతుంది. ఆ కేబుల్‌తో కుస్తీ పట్టేకంటే తయారీదారు కేబుల్ కొనుక్కోవడం మేలు. ఒక మోడల్ ఫైలును ఇంకో మోడల్‌లోకి ఎక్కించకూడదు. కొత్త సాఫ్ట్‌వేర్‌తో ఒకసారి తెరిచి సేవ్ చేసిన ఫైలు పాత సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోకపోవచ్చు. ముందు చదివి, చదివిన ఫైలును తేదీ వేసి దాచి, ఆ తర్వాతే మార్చాలి. ఈ ఒక్క అలవాటు లేకపోవడం వల్ల పాడైన సెట్ల సంఖ్య మిగతా అన్ని కారణాల కంటే ఎక్కువని నాకనిపిస్తుంది.

క్లోనింగ్ గురించి మాత్రం ఆగి చెప్పాలి. ఒక సెట్టు ఫైలును యాభై సెట్లలోకి యథాతథంగా ఎక్కిస్తే అన్నీ మాట్లాడుకుంటాయి, పని అయిపోయిందనిపిస్తుంది. కానీ రేడియో ఐడీ కూడా కాపీ అయింది. యాభై మందికీ ఒకే నంబరు. ఎమర్జెన్సీ బటన్ నొక్కింది ఎవరో కంట్రోల్ రూముకు తెలియదు. పోయిన సెట్టును దూరం నుంచి పని చేయకుండా చేయాలని ఆజ్ఞ పంపితే యాభైకి యాభై మూగబోతాయి. గనిలో మనిషి కింద పడి ఎర్ర బటన్ నొక్కినప్పుడు తెర మీద అందరి నంబరూ ఒకటే కనపడితే ఆ బటన్ ఉన్నా లేనట్టే. రోజువారీ వాడకంలో ఈ లోపం ఎక్కడా బయటపడదు, ప్రమాదం నాడే పడుతుంది. అందుకే దీన్ని అన్ని ప్రోగ్రామింగ్ లోపాల్లోకి చెడ్డదిగా లెక్కేస్తాను.

ఎన్‌క్రిప్షన్ దగ్గర ప్రపంచ అనుభవం చాలా ఉంది. 2011లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకుడు మాట్ బ్లేజ్ బృందం పీ25 సెట్లను పరీక్షించి యూసెనిక్స్ సదస్సులో ఒక పత్రం చదివింది. అమెరికా ఫెడరల్ ఏజెంట్లు రహస్యంగా మాట్లాడుతున్నామనుకుని బహిరంగంగా మాట్లాడుతున్న సందర్భాలు వాళ్లకు పదేపదే దొరికాయి. తాళం (ఎన్‌క్రిప్షన్) ఉన్న సెట్టు తాళం లేని మాటను కూడా వినిపిస్తుంది, కాబట్టి గుంపులో ఒకరి స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఎవరికీ తెలియదు. తాళాలు తరచూ మార్చడం వల్ల ఎవరో ఒకరి దగ్గర కొత్త తాళం ఉండదు, అతని కోసం గుంపంతా తాళం తీసి మాట్లాడుతుంది. డీఎంఆర్‌లోనూ ఇదే. పైగా ఒక కంపెనీ ‘బేసిక్’ అనే తాళం ఇంకో కంపెనీ ‘బేసిక్’ తాళంతో కలవదు. తాళం నంబరు కలిసినా విలువ కలవకపోతే గొంతు బదులు గరగర వస్తుంది. రెండు సెట్లు కలవనప్పుడు మొట్టమొదట ఎన్‌క్రిప్షన్ తీసేసి చూడమని చెప్పేది ఇందుకే.

మరి ప్రమాణం ఒకటే అయినప్పుడు వేర్వేరు కంపెనీల సెట్లు ఎందుకు పూర్తిగా కలవవు? మామూలు గ్రూప్ కాల్, ప్రైవేట్ కాల్ ప్రమాణంలో ఉన్నాయి, కలుస్తాయి. ఆ పైన ప్రతి కంపెనీ తన సొంత సదుపాయాలు చేర్చుకోవడానికి ప్రమాణమే చోటు వదిలింది. ప్రతి సందేశంలో ఒక ఫీచర్ సంకేతం ఉంటుంది. అది సున్నా అయితే అందరిదీ, వేరే విలువ అయితే ఒక కంపెనీది. టెక్స్ట్ మెసేజ్, జీపీఎస్, ఎమర్జెన్సీ నడిచే తీరు, కొన్ని తాళాలు ఈ సొంత సొత్తులోకి పోయాయి. పీ25 విషయంలో ఇదే జరిగితే 2007లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ ప్రమాణంలోని అస్పష్టతలను వేలెత్తి చూపింది. అమ్మేవాడి ‘ఓపెన్ స్టాండర్డ్’ మాటను నేను సగమే నమ్ముతాను: మాట కలుస్తుంది, మిగతాది పరీక్షించి చూసుకోవాలి.

సెట్టింగు సరిగ్గా ఉన్నా మనిషికి తెలియకపోతే ఏమవుతుందో చెప్పే ఘటన 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో జరిగింది. ఆ రోజు ఉగ్రదాడికి గురైన వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో ఫైర్ సిబ్బంది కోసం రిపీటర్ ఉంది. దాన్ని పూర్తిగా వాడాలంటే కన్సోల్ మీద రెండు బటన్లు నొక్కాలి. 2004 నాటి విచారణ కమిషన్ నివేదిక ప్రకారం ఉత్తర టవర్‌లో రెండోది నొక్కలేదు; పరీక్షించిన అధికారులు రిపీటర్ పనిచేయడం లేదనుకుని వేరే ఛానెల్‌కు మారారు. ఆ రోజు మాట అందకపోవడానికి అదొక్కటే కారణం కాదు. కానీ పనిచేసే పరికరం పనిచేయనట్టు కనిపించడం ఎంత తేలికో, రెండో బటన్ సంగతి రాసి అతికించిన ఒక కాగితం విలువ ఎంతో అది చూపిస్తుంది.

దీనికి ఎదురు ఉదాహరణ మన పక్కనే ఉంది. రైళ్లు ఢీకొనకుండా ఆపే రైల్వే ‘కవచ్’ వ్యవస్థ వాకీటాకీ కాదు గాని దాని లోపల ఉన్నది ఇదే ప్రశ్న: ఇంజిన్ మీది రేడియో, స్టేషన్‌లోని రేడియో యూహెచ్‌ఎఫ్ మీద కాలాన్ని ముక్కలు చేసుకుని మాట్లాడుకోవాలి. దక్షిణ మధ్య రైల్వేలో లింగంపల్లి–వికారాబాద్–వాడి, వికారాబాద్–బీదర్ మార్గాల్లో దీని పరీక్షలు సాగాయి. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల రైళ్ల మీద ప్రయోగం మొదలైంది. హైదరాబాద్‌కు చెందిన మేధా, కెర్నెక్స్, హెచ్‌బీఎల్ అనే మూడు సంస్థలకు అనుమతి దొరికింది. ఒక సంస్థ పరికరం ఇంజిన్‌లో, ఇంకో సంస్థ పరికరం స్టేషన్‌లో ఉన్నా మాట కలవాలన్నది లక్నోలోని ఆర్‌డీఎస్‌ఓ స్పెసిఫికేషన్‌లోనే షరతు. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్‌గిడ్డ మధ్య రెండు ఇంజిన్లను ఎదురెదురుగా నడిపితే రైల్వే మంత్రి ఎక్కిన ఇంజిన్ 380 మీటర్ల దూరాన దానంతటదే ఆగింది. 2024 జులైలో నాలుగో రూపాంతరానికి (వెర్షన్‌కు) ఆమోదం వచ్చింది. ఇక్కడ నేర్చుకోవాల్సింది రేడియో సంగతి కాదు, ఆ పద్ధతి. కొనేవాడే ప్రమాణం రాశాడు, ఏ అంకె ఏమిటో అమ్మేవాళ్లకు వదిలేయలేదు, రూపాంతరానికి నంబరు పెట్టాడు, ఒకరి పరికరంతో ఇంకొకరిది కలిపి పరీక్షించాకే లైన్ మీదికి తెచ్చాడు. ఒక ఓపెన్‌కాస్టుకు ఇంత పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. ఒక పేజీ ఛానెల్ పట్టిక, దానికో రూపాంతరం నంబరు, దాన్ని మార్చే అధికారం ఉన్న ఒక్క మనిషి ఉంటే చాలు.

ఆ పట్టికలో ఒక వరుస అందరికీ ఉమ్మడిగా ఉండాలి: తాళం లేనిది, రిపీటర్ అక్కర్లేనిది, ఏ కంపెనీ సొంత సదుపాయమూ లేనిది. పాత సెట్లు ఇంకా ఉంటే అది అనలాగ్ అయినా తప్పులేదు. అప్పుడు టోన్ కూడా పట్టికలో రాయాలి. 67.0 నుంచి 254.1 హెర్ట్జ్ వరకు ఉన్న టోన్లలో ఒకరు ఒకటి, ఇంకొకరు మరొకటి పెట్టుకుంటే ఉమ్మడి ఛానెల్ పేరుకే మిగులుతుంది. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్‌ను ముంచినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ బృందం హామ్ సెట్లతో పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. ఫోన్లు పోయిన చోట వాళ్లు కబురు అందించారు. ఆపద నాడు అందరి దగ్గరా ఉన్న సాదా మార్గమే పనికొచ్చింది.

పట్టికలో ఏ ఫ్రీక్వెన్సీ రాయాలన్నది మన ఇష్టం కాదు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కాలం నుంచీ అనుమతి తప్పనిసరి. ఫ్రీక్వెన్సీ కేటాయించేది ఢిల్లీలో టెలికాం శాఖ కింది డబ్ల్యూపీసీ విభాగం. లైసెన్సు అక్కర్లేని 446.0–446.2 మెగాహెర్ట్జ్ తక్కువ పవర్ సెట్లకు మాత్రమే. ఆన్‌లైన్‌లో కొన్న సెట్టు ఎక్కడైనా పనిచేస్తుంది కదా అని పోలీసుకో రైల్వేకో కేటాయించిన చోట ప్రోగ్రామ్ చేయడం నేరం. ఇలాంటి సెట్ల అమ్మకాల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో మార్గదర్శకాలు తెచ్చింది. శాంతిఖని లాంటి భూగర్భ బాయిల్లోకి దిగే సెట్టుకు ఇంకో షరతు కూడా ఉంది. మీథేన్ ఉండే చోట నిప్పురవ్వ పుట్టించనిదని గనుల భద్రత చూసే డీజీఎంఎస్ ఒప్పుకున్న సెట్టే కావాలి, బ్యాటరీ కూడా దానితో ఆమోదం పొందినదే ఉండాలి. బయట దొరికే బ్యాటరీ వేస్తే సెట్టు మోగుతుంది, ఆమోదం పోతుంది.

చివరిది కాగితాల విషయం. ప్రోగ్రామింగ్ ఫైలుకు డీలరు పాస్‌వర్డ్ పెడతాడు. కాంట్రాక్టు ముగిశాక ఆ సెట్లను ఎవరూ చదవలేరు, మార్చలేరు. అప్పుడు వంద సెట్లున్న సంస్థ ఒక కలర్ కోడ్ మార్చడానికి కూడా పాత డీలరు ఇంటి ముందు నిలబడాలి. ఇది సాంకేతిక లోపంలా కనిపిస్తుంది గాని టెండరు రాసినవాళ్ల లోపం. సెట్లతో పాటు ఫైళ్లు, చదివే పాస్‌వర్డ్, సాఫ్ట్‌వేర్ దాని రూపాంతరం నంబరుతో సహా, ఎన్‌క్రిప్షన్ తాళాలు, ఐడీల జాబితా అప్పగించాలని, అప్పగించే రోజున కంపెనీ సెట్టు, కాంట్రాక్టరు సెట్టు రెండూ గొయ్యి అడుగున మాట్లాడి చూపించాలని టెండరులో రాయాలి. ఆ పరీక్ష అయ్యేవరకు బిల్లు ఆపాలి.